కతోలిక రాజకీయ చింతన, దాని పాయలు: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలకు జవాబులు

మా విచారణలో (పారిష్‌లో) యువత కోసం నెలకో ఆదివారం సాయంత్రం నడిపే క్లాసుల్లో నేను ఈ విషయం చెబుతుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ దాదాపు అవే సందేహాలు వస్తున్నాయి. ఫోన్‌లో వీడియోలు చూసి టెన్షన్‌తో వచ్చేవాళ్లున్నారు, కాలేజీలో స్నేహితులతో వాదించి ఓడిపోయి వచ్చేవాళ్లున్నారు. క్రైస్తవులు కాని మిత్రులు కూడా అడుగుతున్నారు. అందుకే అందరికీ అర్థమయ్యేలా, అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

## మొదట్లో వచ్చే సందేహాలు

పోప్ చెప్పినట్టు ఓటేయడమే కతోలిక రాజకీయమా?

కాదు. రాజ్యం దేనికోసం ఉంది, దాని అధికారం ఎక్కడ ఆగాలి, యజమాని కూలీకి ఏం బాకీపడతాడు, యుద్ధం ఎప్పుడైనా న్యాయమవుతుందా? ఇలాంటి ప్రశ్నల మీద పదహారు వందల ఏళ్లుగా సాగుతున్న ఆలోచన ఇది. పోప్‌లు లోకమంతటికీ రాసే ఉత్తరాలను విశ్వలేఖలంటారు. అవి ఇందులో ముఖ్యమైన భాగమే, కానీ భాగం మాత్రమే. తత్వవేత్తలు, లాయర్లు, కార్మిక నాయకులు, జైలుకెళ్లిన మంత్రులు, వంటశాల నడిపిన ఆడవాళ్లు కూడా ఈ చింతనను తయారుచేశారు.

సూత్రం ఒకటి, దాన్ని అమలు చేసే దారి ఇంకొకటి. కూలి మనిషి బతకడానికి సరిపోవాలన్నది సూత్రం. అందుకు కనీస వేతన చట్టం మేలా, యూనియన్ బేరం మేలా అన్నది మనం బుర్రపెట్టి తేల్చుకోవాలి. ఈ రెండో దాని దగ్గర కతోలికులు ఎప్పుడూ ఒక్క మాట మీద లేరు, ఉండనక్కర్లేదు కూడా.

ఇన్ని తగాదాల మధ్య అందరూ ఒప్పుకునే మాట ఏదైనా ఉందా?

ఉంది. మనిషి రాజ్యం కంటే ముందువాడు. రాజ్యం ఉన్నది ఉమ్మడి మేలు కోసం. భూమి మీది సంపదను దేవుడు అందరికోసం ఇచ్చాడు కాబట్టి సొంత ఆస్తి హక్కు నిజమైనదే అయినా దానికి హద్దుంది. న్యాయం తప్పిన చట్టం పేరుకే చట్టం.

వీటితోపాటు ఇంకో సూత్రాన్ని కాస్త ఆగి చూడాలి. సబ్సిడియారిటీ అంటారు. లాటిన్‌లో 'సబ్సిడియం' అంటే సాయం. కిందివాళ్లు చేసుకోగలిగిన పనిని పైవాళ్లు లాక్కోవడం అన్యాయమని 1931లో 11వ పయస్ పోప్ రాశారు. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే, చెరువు పూడిక ఊరే తీసుకోగలిగితే దాన్ని రాజధాని నుంచి నడపకూడదు. ఊరివల్ల కానప్పుడు రాజధాని చేతులు కట్టుకుని కూర్చోనూ కూడదు. రెండు సగాలూ కలిస్తేనే సూత్రం. సభల్లో మాట్లాడేవాళ్లు చాలామంది తమకు నచ్చిన సగం చెప్పి రెండోది మింగేస్తారు. యూరోపియన్ యూనియన్ 1992 నాటి మాస్ట్రిక్ట్ ఒప్పందంలోకి ఈ మాటను తీసుకుంది.

ఇంతకీ ఇది లెఫ్టా, రైటా?

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. లెఫ్ట్, రైట్ అన్నవి 1789లో ఫ్రాన్స్ సభలో ఎవరు ఏ పక్క కూర్చున్నారన్న దాంట్లోంచి పుట్టిన మాటలు. ఈ చింతన అంతకు వెయ్యేళ్లకు పైగా ముందుది. గర్భస్రావం తప్పంటుంది కాబట్టి రైట్ అంటారు. వలస కార్మికుల పక్షాన నిలబడుతుంది, ఉరిశిక్ష వద్దంటుంది కాబట్టి లెఫ్ట్ అంటారు. లోపలినుంచి చూస్తే రెండింటి వెనకా ఉన్నది ఒకటే నమ్మకం: ఎవరికీ అక్కర్లేని మనిషి కూడా మనిషే. పార్టీలో ఉన్న కతోలికుడికి ఎక్కడో ఒకచోట తన పార్టీతో పేచీ రావాలి. రాకపోతే అతను ఈ బోధను సగమే చదివాడని నేను అనుకుంటాను.

## చరిత్రలోకి దిగినప్పుడు

"కైసరువి కైసరుకు, దేవునివి దేవునికి" అన్నాక ఇంకా గొడవేంటి?

కైసరు అంటే రోమ్ చక్రవర్తి. ఏది కైసరుది, ఏది దేవునిది అన్న జాబితా యేసు ఇవ్వలేదు. గొడవంతా అక్కడే. 410లో గోత్ జాతివాళ్లు రోమ్ నగరాన్ని దోచుకున్నాక, క్రైస్తవం వల్లే ఈ గతి పట్టిందని అన్నవాళ్లకు పునీత (సెయింట్) అగుస్తీను జవాబు రాశారు. భూమి మీది ఏ రాజ్యమూ దేవుని రాజ్యం కాదన్నారు. న్యాయం తీసేస్తే రాజ్యాలకూ పెద్ద దొంగల ముఠాలకూ తేడా ఏముందని అడిగారు. 494లో పోప్ గెలాసియస్ చక్రవర్తి అనస్తాసియస్‌కు ఉత్తరం రాస్తూ, లోకాన్ని నడిపేవి రెండు అధికారాలు, గురువులది (చర్చి ఫాదర్లది) వేరు, రాజులది వేరు అన్నారు.

చెప్పడం తేలిక, పంచుకోవడం కష్టం. బిషప్‌లను ఎవరు నియమించాలన్న తగాదాలో 7వ గ్రెగరీ పోప్ జర్మనీ రాజు 4వ హెన్రీని వెలివేశారు. వెలిపడిన రాజు మాట సామంతులు వినడం మానేశారు. 1077 జనవరి చలిలో, ఇటలీ కొండల్లోని కనోస్సా కోట వాకిట హెన్రీ మూడు రోజులు నిలబడ్డాడు. కాళ్లకు చెప్పుల్లేవు, ఒంటిమీద ముతక ఉన్ని బట్ట. గ్రెగరీ క్షమించారు. ఏడేళ్లకు అదే హెన్రీ సైన్యంతో వచ్చి రోమ్‌ను పట్టుకున్నాడు. 1085లో గ్రెగరీ సలెర్నోలో ప్రవాసంలో కన్నుమూశారు. 1122లో వర్మ్స్ దగ్గర రాజీ కుదిరింది: బిషప్‌కు ఉంగరం, దండం చర్చి ఇస్తుంది, భూముల మీద అధికారం రాజు ఇస్తాడు. ఎవరూ పూర్తిగా గెలవకపోవడం యూరప్‌కు మేలే చేసిందని నా అభిప్రాయం. పెద్ద అధికారానికి ఇంకో అధికారం అడ్డుపడే అలవాటు అక్కడ బలపడింది.

రాజుకు అధికారం దేవుడే ఇచ్చాడని చెప్పిన చర్చికి ప్రజాస్వామ్యం ఎలా రుచిస్తుంది?

అధికారం దేవుని నుంచి వస్తుందని చర్చి చెప్పిన మాట నిజం. ఎవరి చేతుల మీదుగా వస్తుందన్నది వేరే ప్రశ్న. నేరుగా రాజుకే వస్తుందని గట్టిగా వాదించినవాడు ఇంగ్లండ్ రాజు 1వ జేమ్స్. అతన్ని ఎదిరించి రాసింది జెస్యూట్లు అనే సన్యాస సభకు చెందిన ఇద్దరు గురువులు: ఇటలీవాడైన బెల్లార్మీను, స్పెయిన్‌వాడైన సువారెజ్. అధికారం దేవుని నుంచి మొదట సమాజం మొత్తానికి వస్తుందని, సమాజమే దాన్ని పాలకుడికి అప్పగిస్తుందని సువారెజ్ వాదించారు. 1613లో వచ్చిన ఆయన పుస్తకాన్ని జేమ్స్ లండన్‌లో తగలబెట్టించాడు. అంతకు మూడు వందల ఏళ్ల ముందే పునీత తోమాసు అక్వినాసు, పాలనలో ప్రజలందరికీ ఏదో ఒక భాగం ఉండటం మంచిదని రాసి ఉన్నారు.

స్పెయిన్‌వాళ్లు అమెరికాను దోచుకుంటుంటే చర్చి చూస్తూ ఊరుకుందా?

చర్చిలో రెండు రకాలవాళ్లూ ఉన్నారు. 1493లో 6వ అలెగ్జాండర్ పోప్ కొత్త భూములను స్పెయిన్‌కు కట్టబెట్టారు. 1511లో కరీబియన్ సముద్రంలోని హిస్పానియోలా దీవిలో మోంతెసీనోస్ అనే గురువు (డొమినికన్ సన్యాస సభవాడు), గుడిలో కూర్చున్న స్పెయిన్ భూస్వాములనే అక్కడి మూలవాసుల గురించి "వీళ్లు మనుషులు కారా?" అని నిలదీశారు. 1537లో 3వ పౌలు పోప్, అక్కడివాళ్లు క్రైస్తవులు కాకపోయినా వాళ్ల స్వేచ్ఛ, ఆస్తి లాక్కోకూడదని ప్రకటించారు. 1539లో సలమాంకా విశ్వవిద్యాలయంలో విటోరియా చేసిన ప్రసంగాలు అంతర్జాతీయ న్యాయానికి పునాదుల్లో ఒకటి. పోప్‌కు లోకం మొత్తం మీద రాజ్యాధికారం లేదని, కాబట్టి ఆయన ఇచ్చిన దానపత్రం చెల్లదని ఒక కతోలిక గురువు స్పెయిన్ నడిబొడ్డున చెప్పడం చిన్న విషయం కాదు.

1550లో స్పెయిన్‌లోని వయ్యదోలిద్‌లో జరిగిన చర్చలో అమెరికా మూలవాసుల తరఫున వాదించిన లాస్ కాసాస్ అనే గురువు గురించి ఒక సంగతి దాచకూడదు. వాళ్ల బదులు ఆఫ్రికా బానిసలను తెప్పించవచ్చని ఆయనే ఒకప్పుడు సలహా ఇచ్చారు. తర్వాత అది ఘోరమైన తప్పని రాసుకుని కుమిలిపోయారు.

19వ శతాబ్దంలో పోప్‌లు మతస్వేచ్ఛను తిట్టారట, నిజమా?

నిజం. ఆ తిట్టు ఎక్కడ పుట్టిందో కూడా చూడాలి. ఫ్రెంచ్ విప్లవం 1790లో గురువులను ప్రభుత్వ ఉద్యోగులుగా మార్చింది, ప్రమాణం చేయనివాళ్లను వేటాడింది. 6వ పయస్ పోప్ 1799లో ఫ్రెంచ్ నిర్బంధంలోనే చనిపోయారు. దాంతో 'స్వేచ్ఛ' అన్న మాట వినగానే రోమ్‌కు గిలొటిన్ (విప్లవం తలలు నరికిన యంత్రం) గుర్తొచ్చేది.

అయినా ఫ్రాన్స్‌లోనే లమెన్నే అనే గురువు 1830లో పత్రిక పెట్టి, చర్చి రాజుల చేయి వదిలి ప్రజలతో నడవాలని, పత్రికా స్వేచ్ఛ, మనస్సాక్షి స్వేచ్ఛ చర్చికే మంచిదని రాశారు. 1832లో 16వ గ్రెగరీ పోప్ ఆ వాదాన్ని ఖండించారు. లమెన్నే చివరికి చర్చికే దూరమయ్యారు. 1864లో 9వ పయస్ 80 పొరపాట్ల జాబితా ప్రకటించారు. ప్రగతితో, ఉదారవాదంతో (లిబరలిజంతో), ఆధునిక నాగరికతతో పోప్ రాజీపడాలి అన్న మాట అందులో చివరి 'పొరపాటు'. లమెన్నే చెప్పినదాంట్లో పెద్ద భాగాన్ని వందేళ్ల తర్వాత చర్చి తనంతట తానే ఒప్పుకుంది. ఆయన బతికుండగా ఆ మాట వినలేకపోవడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

1891లో వచ్చిన ఆ ఒక్క లేఖను అంతగా ఎందుకు తలుచుకుంటారు?

1891 మే 15న 13వ లియో పోప్ 'రేరుం నొవారుం' అనే విశ్వలేఖ రాశారు. ఫ్యాక్టరీల కాలం అది. సోషలిస్టులు సొంత ఆస్తి పోవాలంటున్నారు. కూలి రేటు మార్కెట్టే తేలుస్తుంది, మధ్యలో ఎవరూ తలదూర్చొద్దని యజమానులు అంటున్నారు. లియో ఆస్తి హక్కును గట్టిగా సమర్థించారు, సోషలిజం దారి తప్పన్నారు. అదే లేఖలో కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కుందని, పనిగంటల విషయంలో, పిల్లలతో చేయించే పని విషయంలో రాజ్యం కల్పించుకోవాలని రాశారు.

ఈ లేఖ చెప్పిన ఒక సాయంత్రం నాకు బాగా గుర్తు. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే ఒక అక్క వెనక బెంచీలో కూర్చుంది. వేళ్ల మంటకు కొబ్బరినూనె రాసుకొచ్చింది. "కిలోకి ఇంత అని ముందే చెప్తారండి, మేం ఒప్పుకునే కూర్చుంటాం. ఒప్పుకున్నాక అన్యాయం అనొచ్చా?" అని అడిగింది. లియో సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకున్నారు. ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన కూలి న్యాయమైపోదన్నారు. మనుషులు చేసుకునే ఏ బేరం కంటేనైనా పాతదైన ధర్మం ఒకటుంది, పొదుపుగా బతికే కూలీకి ఆ కూలితో బతుకు గడవాలి. గతిలేక, ఇంకా పెద్ద కష్టం వస్తుందన్న భయంతో తక్కువకు ఒప్పుకుంటే అది బలవంతమే, అన్యాయమే అన్నారు. ఆ పేరా రెండుసార్లు చదివించుకుని, పేజీ జిరాక్స్ తీసిమ్మని అడిగి తీసుకెళ్లిందా అక్క.

## పాయల దగ్గర తికమక

ఇంటిగ్రలిజం అంటే ఏంటి? ఈమధ్య ఆన్‌లైన్‌లో బాగా వినిపిస్తోంది

మనిషికి ఈ లోకంలో బతుకుతోపాటు శాశ్వత గమ్యం ఉంది. లోక వ్యవహారాలు చూసే రాజ్యం ఆ గమ్యాన్ని చూసే చర్చికి లోబడి ఉండాలి. ఇంటిగ్రలిజం సారం ఇదే. 1302లో 8వ బోనిఫేస్ పోప్ రాసిన పత్రం దాకా దాని వేళ్లు వెళ్తాయి. గత పదేళ్లలో అమెరికాలో కొందరు ప్రొఫెసర్లు, యువకులు దీన్ని మళ్లీ తలకెత్తుకున్నారు. హార్వర్డ్ న్యాయశాస్త్ర ఆచార్యుడు ఏడ్రియన్ వెర్మ్యూల్ వాళ్లలో పేరున్నవాడు. పాట్రిక్ డెనీన్ లాంటి 'పోస్ట్ లిబరల్' రచయితలను కూడా ఇదే గాటన కడుతుంటారు, అది తొందరపాటు. ఉదారవాదం కుటుంబాన్నీ ఊరినీ చెదరగొట్టిందన్నది డెనీన్ ఫిర్యాదు. రాజ్యాన్ని చర్చి కింద పెట్టాలన్న వాదం దానికంటే చాలా దూరం పోతుంది.

ఈ వాదం వినడానికి పొందికగా ఉంటుంది. నేను మాత్రం 1858 బొలోన్యా గుర్తు చేస్తాను. అప్పుడు ఆ నగరం పోప్ పాలనలో ఉంది. మోర్తారా అనే యూదుల ఇంట్లో పసిబిడ్డకు జబ్బు చేస్తే, చనిపోతాడేమోనని భయపడి పనిపిల్ల రహస్యంగా జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇచ్చింది. ఆ సంగతి బయటపడ్డాక, జ్ఞానస్నానం పొందిన బిడ్డ యూదుల ఇంట్లో పెరగకూడదన్న చట్టం ప్రకారం పోలీసులు వచ్చి ఆరేళ్ల ఎద్గార్దోను తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకుపోయారు. ఎంత వేడుకున్నా తిరిగి ఇవ్వలేదు. చర్చి చట్టం చేతికి పోలీసు లాఠీ ఇస్తే ఏమవుతుందో ఆ ఇంటి గుమ్మంలో కనిపిస్తుంది.

క్రిస్టియన్ డెమోక్రసీ అంటే చర్చి పార్టీయేనా?

చర్చి పార్టీ కాదు, చర్చి బోధతో పెరిగిన గృహస్థుల (గురువులు కాని మామూలు విశ్వాసుల) పార్టీ. జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ 1870లలో అక్కడి కతోలికుల మీద కత్తి కట్టినప్పుడు వాళ్ల సెంటర్ పార్టీ పార్లమెంటులో నిలబడి పోరాడింది. ఇటలీలో 1919లో స్తుర్జో అనే గురువు పీపుల్స్ పార్టీ పెట్టారు. ముస్సోలినీతో సర్దుకుపోవాలనుకున్న రోమ్ పెద్దలకు ఆయన అడ్డమయ్యారు. 1924లో దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది.

యుద్ధం తర్వాత వీళ్ల రోజు వచ్చింది. ఫాసిస్టు జైలు చూసొచ్చి, వాటికన్ గ్రంథాలయంలో చిన్న ఉద్యోగంతో ఏళ్లు నెట్టుకొచ్చిన దె గాస్పెరి ఇటలీ ప్రధాని అయ్యారు. జర్మనీలో అడెనావర్ కతోలికులనూ ప్రొటెస్టంట్లనూ ఒకే పార్టీలోకి తెచ్చారు. ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి షూమన్ 1950 మే 9న, బొగ్గు, ఉక్కును జర్మనీతో కలిసి ఉమ్మడిగా నడుపుదామన్నారు. యుద్ధానికి కావలసిన ముడిసరుకే ఉమ్మడి సొత్తయితే యుద్ధం చేయడమెలా? ఇవాళ్టి యూరోపియన్ యూనియన్ అక్కడ మొలిచింది. ఆ తరానికి ఆలోచన అందించినవారిలో ఫ్రెంచ్ తత్వవేత్త జాక్ మారితేన్ ముఖ్యుడు. కతోలికుడు తన విశ్వాసాన్ని వదలకుండానే అన్ని మతాలవాళ్లతో కలిసి ప్రజాస్వామ్యం కట్టగలడన్నది ఆయన పాఠం. అధికారంలో మరీ ఎక్కువకాలం ఉన్న ఇటలీ పార్టీ లంచాల కేసుల్లో కూరుకుపోయి 1994లో కనుమరుగైంది.

ఫాసిస్టులతో చర్చి చేతులు కలిపిందంటారు. ఏం చెప్పాలి?

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. 1929లో ముస్సోలినీతో లాటరన్ ఒప్పందం జరిగింది, వాటికన్ దేశం దానితోనే పుట్టింది. 1933 మార్చిలో హిట్లర్‌కు సర్వాధికారాలిచ్చే చట్టానికి సెంటర్ పార్టీ ఓటేసింది, జులైలో రద్దయిపోయింది. అదే నెలలో వాటికన్ హిట్లర్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పోర్చుగల్‌లో సలజార్, స్పెయిన్‌లో ఫ్రాంకో కతోలిక పేరుతోనే నియంతృత్వం నడిపారు.

రెండో పక్క కూడా ఉంది. 1937లో 11వ పయస్ నాజీ సిద్ధాంతాన్ని ఖండిస్తూ విశ్వలేఖను లాటిన్‌లో కాక నేరుగా జర్మన్‌లో రాయించారు. దాన్ని రహస్యంగా దేశంలోకి చేరవేసి, రహస్యంగానే అచ్చువేసి, మట్టల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) నాడు జర్మనీ చర్చిల్లో చదివారు. ఫ్రాంకో యుద్ధాన్ని 'పవిత్ర యుద్ధం' అనడానికి మారితేన్ ఒప్పుకోలేదు, అందుకు తిట్లు తిన్నారు. ఒప్పందాలతో సంస్థను కాపాడుకుందామనుకున్నవాళ్లు ఆ కాలపు పరీక్షలో తప్పారన్నది నా మనసులో మాట.

సొంత పొలం, సొంత కొట్టు ఉండాలనే పాయ ఒకటుందట, అదేంటి?

డిస్ట్రిబ్యూటిజం. ఇంగ్లండ్‌లో 20వ శతాబ్దం మొదట్లో చెస్టర్‌టన్, బెలాక్ అనే రచయితలు దీన్ని ప్రచారం చేశారు. ఆస్తి కొద్దిమంది షావుకార్ల చేతిలో ఉన్నా తప్పే, మొత్తం ప్రభుత్వం చేతిలో ఉన్నా తప్పే, వీలైనన్ని ఇళ్లకు పంచి ఉండాలి అన్నారు. 'మూడెకరాలు, ఒక ఆవు' అనేది వాళ్ల నినాదం. కౌలు రైతుల మధ్య పెరిగిన నాకు ఆ నినాదం వింటే నవ్వు రాదు.

స్పెయిన్ బాస్క్ ప్రాంతంలోని మోంద్రగోన్‌లో ఒక విచారణ గురువు పెట్టిన సాంకేతిక పాఠశాల విద్యార్థులు 1956లో చిన్న కర్మాగారం మొదలెట్టారు. పనివాళ్లే యజమానులు. అది ఇవాళ పెద్ద సహకార సంస్థల సమూహం. ఈ పాయకు దగ్గరివాళ్లే న్యూయార్క్‌లో డొరతీ డే, పీటర్ మౌరిన్. 1933 మే డే నాడు వాళ్లు కార్మికులకు ఒక్క సెంటుకు పత్రిక అమ్మారు, తర్వాత ఆకలిగొన్నవాళ్లకు సూపు పోసే ఇళ్లు తెరిచారు. యుద్ధం ఏదైనా వద్దన్నారు డే, రెండో ప్రపంచ యుద్ధాన్ని కూడా. దాంతో సొంతవాళ్లే చాలామంది దూరమయ్యారు.

విమోచన వేదాంతం అంటే మార్క్సిజానికి శిలువ తగిలించడమేనా?

అలా కొట్టిపారేసేవాళ్లు ఎక్కువ, చదివినవాళ్లు తక్కువ. 1968లో కొలంబియాలోని మెదెయీన్ నగరంలో లాటిన్ అమెరికా బిషప్‌లు సమావేశమై, పేదరికం వ్యవస్థలోనే ఉన్న అన్యాయమని చెప్పారు. 1971లో పెరూ గురువు గుతియెర్రెజ్ పుస్తకంతో ఈ పాయకు పేరు స్థిరపడింది. పేదవాడి పక్కన నిలబడి బైబిలు చదివితే ఏం వినిపిస్తుందన్నది దాని మూల ప్రశ్న. 1984లో కార్డినల్ (పోప్ తర్వాతి పెద్ద హోదా) రాట్‌సింగర్ నడిపిన వాటికన్ కార్యాలయం, మార్క్సిస్టు వర్గపోరాట విశ్లేషణను తరచి చూడకుండా అరువు తెచ్చుకున్న ధోరణులను తప్పుపట్టింది. 1986లో వచ్చిన రెండో పత్రం స్వరం మెత్తబడింది. గుతియెర్రెజ్ బోధను రోమ్ ఎప్పుడూ ఖండించలేదు.

ఎల్ సాల్వడార్ ఆర్చిబిషప్ రొమేరో మామూలుగా మితవాది, పుస్తకాల మనిషి. తన గురువులను, రైతులను సైన్యం చంపుతుంటే ఆయన మారారు. 1980 మార్చి 23 ఆదివారం ప్రసంగంలో సైనికులతోనే మాట్లాడారు: చంపమన్న ఆజ్ఞ కంటే చంపవద్దన్న దేవుని ఆజ్ఞ పెద్దది, ఆపండి అన్నారు. మర్నాడు సాయంత్రం ఒక ఆసుపత్రి ప్రార్థనాలయంలో పూజ చేస్తుండగా కాల్చి చంపారు. 2018లో చర్చి ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది.

మార్కెట్‌ను మెచ్చుకునే కతోలికులు కూడా ఉన్నారు కదా?

ఉన్నారు, ముఖ్యంగా అమెరికాలో. 1991లో 2వ జాన్‌పాల్ రాసిన విశ్వలేఖను ఆధారం చేసుకుంటారు. వ్యాపారం, మార్కెట్, సొంత ఆస్తి, మనిషి సృజనశక్తి మంచివని అందులో ఉన్నమాట నిజమే. ఆ స్వేచ్ఛకు గట్టి చట్టం కంచెగా లేకపోతే ఒప్పుకోనని వెంటనే తర్వాతి వాక్యంలోనే ఉంది.

1965లో చర్చి ప్లేటు ఫిరాయించిందా?

1965 డిసెంబర్ 7న లోకమంతటి బిషప్‌లు కూడిన రెండో వాటికన్ మహాసభ మతస్వేచ్ఛ మీద ప్రకటన ఆమోదించింది. చివరి ఓటింగులో అనుకూలం 2308, వ్యతిరేకం 70. మత విషయంలో ఎవరినీ బలవంతపెట్టకూడదు, మనస్సాక్షికి వ్యతిరేకంగా నడవమనకూడదు, ఆ హక్కు మనిషి గౌరవంలోనే ఉంది అని చెప్పింది. దాని వెనక ఉన్నవారిలో అమెరికా జెస్యూట్ గురువు జాన్ కోర్ట్నీ మర్రే ఒకరు. పదేళ్ల ముందు ఇదే విషయం మీద రాయడం మానుకోమని ఆయన పైవాళ్లే చెప్పారు.

ఫ్రెంచ్ ఆర్చిబిషప్ లఫేవ్ర్, ఆయన అనుచరులు దీన్ని పాత బోధకు ద్రోహమన్నారు. పాత పోప్‌లు ఖండించింది అన్ని మతాలూ ఒకటేనన్న వాదాన్ని, మహాసభ చెప్పింది రాజ్యం బలవంతం చేయకూడదని, కాబట్టి వైరుధ్యం లేదని సమర్థకులు అంటారు. కొంత నిజమే. కానీ 1864 నాటి పత్రాన్ని, 1965 నాటి పత్రాన్ని పక్కపక్కన పెట్టి చదివితే ఏమీ మారలేదనడం నావల్ల కాదు. మారింది, మంచికే మారింది.

## ఇవాళ్టి విషయాలు

మా ఫాదర్‌గారు ఎన్నికల్లో నిలబడొచ్చా?

కూడదు. ప్రభుత్వ అధికారం చేతిలో ఉండే పదవులు గురువులు తీసుకోకూడదని చర్చి చట్టంలో 285వ నిబంధన చెబుతోంది. అమెరికా కాంగ్రెస్‌లో సభ్యుడైన జెస్యూట్ గురువు రాబర్ట్ డ్రైనన్ రోమ్ ఆదేశంతో 1980లో మళ్లీ పోటీ చేయడం మానుకున్నారు. రాజకీయం గృహస్థుల పని. విచారణ గురువు గుడిలో ఏ పార్టీ గుర్తూ చూపించకూడదు. అన్యాయం జరిగితే మాట్లాడకూడదని మాత్రం ఎక్కడా లేదు.

ఒక పార్టీలో ఒక్క విషయం బోధకు విరుద్ధంగా ఉంటే ఓటేస్తే పాపమా?

ఆ తప్పుడు విధానం నచ్చి, అది జరగాలనే ఓటేస్తే తప్పు. దాన్ని ఒప్పుకోకుండా, తగినంత బలమైన ఇతర కారణాల వల్ల ఓటేస్తే అది దూరపు సహకారమే, అనుమతించవచ్చు అని 2004లో కార్డినల్ రాట్‌సింగర్ వివరించారు. 'తగినంత బలమైన' అన్న దగ్గరే నిజాయితీ కావాలి. మనకు ముందే నచ్చిన పార్టీకి కారణాలు వెతుక్కోవడం చాలా తేలిక.

ఉరిశిక్ష విషయంలో మాట ఎందుకు మార్చారు?

అక్వినాసు దాన్ని ఒప్పుకున్నారు. పోప్‌ల రాజ్యంలో బుగాత్తి అనే తలారి 1796 నుంచి 1864 వరకు 516 మందికి శిక్ష అమలు చేశాడు, లెక్క తానే రాసుకున్నాడు. వాటికన్ తన చట్టంలోంచి ఈ శిక్షను 1969లో తీసేసింది. 2018లో పోప్ ఫ్రాన్సిస్ సత్యోపదేశ గ్రంథాన్నే (చర్చి బోధలన్నీ ఉన్న అధికారిక పుస్తకాన్నే) సవరించారు. ఎంత ఘోరం చేసినా మనిషి గౌరవం పోదని, సమాజాన్ని కాపాడే ఇతర దారులు ఇప్పుడున్నాయని అందులో కారణం చెప్పారు.

కొత్త పోప్ లియో అన్న పేరే ఎందుకు పెట్టుకున్నారు?

2025 మే 8న ఎన్నికైన 14వ లియో రెండు రోజుల తర్వాత కార్డినళ్లతో తానే చెప్పారు. 13వ లియో మొదటి పారిశ్రామిక విప్లవ కాలంలో కార్మికుల ప్రశ్న ఎత్తుకున్నారు. ఇప్పుడు కృత్రిమ మేధతో ఇంకో విప్లవం వచ్చింది, మనిషి గౌరవం, న్యాయం, పని మళ్లీ చిక్కులో పడ్డాయన్నారు.

## మన దగ్గర

ఇదంతా యూరప్ గొడవ. మనకేం సంబంధం?

మన రాజ్యాంగ సభలో జెరోమ్ డిసౌజా అనే జెస్యూట్ గురువు మద్రాసు తరఫున కూర్చున్నారు. మతస్వేచ్ఛ, అల్పసంఖ్యాకుల హక్కుల చర్చల్లో మాట్లాడారు. 25వ అధికరణంలో మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు చేరింది 1965 వాటికన్ ప్రకటనకంటే ముందే. ఈ విషయంలో భారతదేశం రోమ్ కంటే ముందు నడిచిందని నేను క్లాసులో గర్వంగానే చెబుతాను.

తలదించుకోవలసినవీ ఉన్నాయి. 1959లో కేరళలో విద్యా బిల్లు మీద కమ్యూనిస్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా జరిగిన ఆందోళనలో చర్చి ముందు నిలిచింది. జులై 31న ఎన్నికైన ప్రభుత్వం రద్దయింది. పాఠశాలల హక్కు కోసం పోరాడటం సరే, ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం పడిపోతే సంబరపడటం ఈ బోధకు ఎంతవరకు సరిపోతుందో ఆలోచించాలి.

తెలుగు నేలమీద ఈ చింతన మొదట తాకవలసింది కులాన్ని. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చిన దళితులకు ఎస్సీ హోదా లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వాళ్లు బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్‌లో ఉన్నారు. ఆ అన్యాయం గురించి ప్రభుత్వాన్ని అడుగుతూనే, మన గుళ్లలో, మన సమాధుల తోటల్లో పాటిస్తున్న వేరుచేతను కూడా అంతే గట్టిగా అడగాలి. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో, దళితుల్లో ఆయనే మొదటివారు. ఆ వార్త వచ్చిన రోజు మా విచారణలో పెద్దవాళ్లు కొందరు ఏడ్చారు.

చదవాలంటే ఏది ముందు పట్టుకోవాలి?

1891 నాటి లేఖతో మొదలుపెట్టండి. మొదటి పేజీల్లో ఆస్తి మీద వాదన కాస్త నెమ్మదిగా నడుస్తుంది, కూలి గురించిన పేరాల దాకా ఓపిక పట్టండి. తర్వాత 1963లో 23వ జాన్ పోప్ శాంతి మీద రాసినది, అది సులువుగా సాగుతుంది. ఆపైన 1965 మతస్వేచ్ఛ ప్రకటన, చాలా చిన్నది. మూడూ వాటికన్ వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిష్ కష్టమనుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి వారానికి రెండు పేజీల చొప్పున చదువుకోండి. మా క్లాసులో అలా మొదలుపెట్టిన నలుగురు ఇప్పుడు మూడో దానిలో ఉన్నారు.